హానా కల్విక్, ఆర్థర్ మన్బీ: దీన్ని ప్రేమకథ అనొచ్చా?

కృష్ణాతీరం (చర్చ మొదలుపెట్టినవారు)

విక్టోరియా రాణి కాలం కథలంటే ఇష్టపడేవాళ్ళం ఇక్కడ చాలామందిమే ఉన్నాం. పెద్దింటి అబ్బాయి, పనిపిల్ల, పరువు కోసం ప్రాణం పెట్టే తండ్రి, చివర్లో బయటపడే వీలునామా. ఇవి ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు. అచ్చంగా ఇలాంటిదే నిజంగా జరిగింది. పైగా అందులోని పనిపిల్ల ఏళ్ళ తరబడి తన చేత్తో తనే డైరీ రాసి పెట్టింది. అందుకే ఈ చర్చ.

తెలియనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా చెప్తాను. హానా కల్విక్ 1833లో ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్‌లో, షిఫ్‌నల్ అనే ఊళ్ళో పుట్టింది. తండ్రి గుర్రపు జీనులు చేసేవాడు. ఎనిమిదేళ్ళకే పనిలోకి వెళ్ళింది, పద్నాలుగేళ్ళకల్లా తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. 1854 మే 26న, తన ఇరవై ఒకటో పుట్టినరోజు నాడు, లండన్ వీధిలో ఆర్థర్ మన్బీ ఎదురుపడ్డాడు. ఆయన యార్క్‌లో లాయరుగారి కొడుకు, 1828లో పుట్టాడు. కేంబ్రిడ్జిలో చదివి, ప్లీడరీ పట్టా ఉన్నా అది సాగక, చర్చి ఆస్తులు చూసే కమిషన్ ఆఫీసులో ఉద్యోగానికి కుదిరాడు. కవిత్వం కూడా రాసేవాడు.

ఆమె వేరే ఇళ్ళలో పనిచేస్తూనే గుట్టుగా ఆయన్ని కలుస్తుండేది. వాళ్ళు కలిసిన పద్దెనిమిదేళ్ళ తర్వాత, 1873 జనవరిలో, లండన్ క్లర్కెన్‌వెల్‌లోని చర్చిలో గుట్టుగా పెళ్ళి చేసుకున్నారు. పెళ్ళయ్యాక కూడా ఆమె లండన్‌లో లాయర్లుండే ఇన్నర్ టెంపుల్ ఆవరణలోని ఆయన గదుల్లో లోకానికి పనిమనిషే. 1877లో ఆమె ష్రాప్‌షైర్ వెళ్ళిపోయింది. తర్వాతి ఏళ్ళలో ఆయనే అక్కడికి వెళ్ళి చూసొచ్చేవాడు. 1909లో ఆమె పోయింది, 1910 జనవరిలో ఆయన పోయాడు. వీలునామాతో పెళ్ళి సంగతి బయటికొచ్చాక పత్రికలు గోల గోల చేశాయి.

ఇదంతా ఒక ఎత్తు. ఆమె ఆయన్ని "మాసా" అని పిలిచేది. అమెరికా తోటల్లో నల్లజాతి బానిసలు యజమానిని పిలిచే పిలుపు అది. మణికట్టుకు తోలు పట్టీ కట్టుకునేది. మెడలో ఇనుప గొలుసు, దానికి తాళం, తాళంచెవి ఆయన దగ్గర. ఇదొక ఎత్తు.

అడుగుతున్నది సూటిగా ఒకటే. దీన్ని అంతస్తులు దాటిన ప్రేమ అనాలా, యజమాని ముచ్చట కోసం ఒక పనిమనిషి జన్మంతా చేసిన ఊడిగం అనాలా? నేను ప్రేమే అంటాను. ఆమె లొంగిపోయిందని చాలామంది తేలిగ్గా అనేస్తారు. డైరీ చదివితే మాత్రం అందులో చాలా షరతులు ఆమె పెట్టినవే కనబడతాయి. కాదనేవాళ్ళు కారణాలతో రండి.

నల్లమల

కారణాలతోనే వస్తున్నాను. మీరు చెప్పిన గొలుసు దగ్గరే ఆగుదాం.

హానా పుట్టిన 1833లోనే బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వాన్ని రద్దు చేస్తూ చట్టం వచ్చింది. వీళ్ళిద్దరూ కలిసి తిరుగుతున్న రోజుల్లోనే, 1861 నుంచి 1865 దాకా, అమెరికాలో అదే బానిసత్వం మీద యుద్ధం నడిచింది. మనుషుల మెడల్లో నిజం గొలుసులున్న కాలం అది. ఆ కాలంలో కేంబ్రిడ్జి చదువు చదివిన పెద్దమనిషి ఒక పేద పిల్ల మెడలో గొలుసు వేసి, ఒళ్ళంతా మసి పూసి నిలబెట్టి ఫోటో తీయించాడు. దాన్ని ఏకాంతంలో ఇద్దరి సరసంగా తీసుకోమంటే నా వల్ల కాదు.

రెండోది, డైరీ. అది ఆమె తనకోసం రాసుకున్నది కాదు కదా. ఆయన రాయమంటే రాసింది, రాసి ఆయనకే పంపేది. "మాసా" అని పిలిచే మనిషికి పంపే రిపోర్టులో మనసులో మాట ఎంత ఉంటుంది? ఈ రోజు ఎన్ని జతల బూట్లు తోమాను, ఎన్ని మెట్లు కడిగాను అని ఆమె లెక్క రాస్తుంటే అది చదువుతూ ఆనందపడే మనిషి ఒకడు అవతల ఉన్నాడు. ఆయనకు ఏది ఇష్టమో అదే రాసి ఉంటుందన్న అనుమానం ప్రతి పేజీలోనూ వస్తుంది నాకు.

మూడోది, ఈ గుట్టు ఎవరికోసం? బయటపడితే ఆయనకు పోయేది పరువు. ఆమెకు పోయేది కూడు. అప్పట్లో ఇళ్ళలో పనిచేసే ఆడపిల్లలకు మగవాళ్ళెవరూ చూడ్డానికి రాకూడదన్న నియమం ఉండేది. నియమం తప్పితే పని పోతుంది. పాత యజమానురాలు "క్యారెక్టర్" ఇవ్వదు, అంటే నడవడిక బాగుందని రాసిచ్చే ఉత్తరం. ఆ కాగితం లేకపోతే మంచి ఇంట్లో ఇంకో పని దొరకడం కష్టం. ఇవ్వమని యజమానిని నిలదీయడానికి చట్టం కూడా లేదు. ఆమె పద్దెనిమిదేళ్ళు ఆ కత్తి కింద తిరిగింది. ఆయన మాత్రం హాయిగా క్లబ్బుల్లోనూ విందుల్లోనూ తిరిగాడు.

ఇందులో ప్రేమ లేదని నేను అనడం లేదు. ఇద్దరిలో ఒకరి చేతిలోనే అంతా ఉన్నప్పుడు దాన్ని ప్రేమకథ అని పేరు పెట్టి మురిసిపోవడం అన్యాయం అంటున్నాను.

పుస్తకాల పురుగు

నల్లమల గారితో ఏకీభవిస్తున్నాను. ఇంకొక్క మాట. ఆమె చాలా బలమైన మనిషి, ఆయన్ని రెండు చేతులతో ఎత్తుకోగలిగేదని రాసుకున్నారు. అంత బలం ఉన్న మనిషి మెడలో గొలుసుతో నిలబడిందంటే పేదరికం ఎంత పని చేస్తుందో చూడండి.

లండన్‌లో ఓరుగల్లు

పురుగు గారూ, పేదరికమొక్కటే అయితే ఇంత చర్చ ఉండేది కాదండి.

నేను ఉండేది లండన్‌లో, పని ఫ్లీట్ స్ట్రీట్ పక్కనే. మధ్యాహ్నం భోజనం వేళ ఇన్నర్ టెంపుల్ ఆవరణలోకి వెళ్ళి కూర్చునేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. మన్బీ ఉన్న ఫిగ్ ట్రీ కోర్టు ఇప్పుడు లేదు, రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు పోయింది. కానీ మిగిలిన పాత కట్టడాలు చూస్తే ఆ ఇళ్ళ తీరు అర్థమవుతుంది. సన్నటి మెట్లు, ఒక్కో అంతస్తులో ఒక్కో లాయరు గదులు, అందరూ అందరికీ కనబడే చోటు. అక్కడ నాలుగేళ్ళ పాటు పెళ్ళాన్ని పనిమనిషని నమ్మించడం మామూలు విషయం కాదు. స్నేహితులు భోజనానికి వస్తే ఆమె వడ్డించి పక్కకు తప్పుకోవాలి. అతిథులెవరూ లేని సాయంత్రాల్లో మంచి బట్టలు కట్టుకుని ఆయన పక్కన కూర్చునేది. ఆ వేషం ఆమెకూ కావాలనిపించకపోతే అన్నాళ్ళు నిలబడదని నా అభిప్రాయం.

ఇప్పుడు చట్టం సంగతి. మనం "నిషిద్ధ ప్రేమ" అంటాం కానీ ఈ పెళ్ళిని నిషేధించిన చట్టం ఇంగ్లండ్‌లో ఏదీ లేదు. లాయరు కొడుకు పనిపిల్లను చేసుకోవచ్చు, లైసెన్సు కొనుక్కుంటే చాలు. నిజంగా చట్టం అడ్డొచ్చిన పెళ్ళి చూడాలంటే అదే క్లర్కెన్‌వెల్‌లో ఇంకో చర్చి ఉంది. 1847లో అక్కడ విక్టోరియా రాణి పినతండ్రి కొడుకు జార్జ్, ఆ తర్వాత కేంబ్రిడ్జి డ్యూక్ అయినాయన, లూయిజా ఫెయిర్‌బ్రదర్ అనే రంగస్థల నటిని పెళ్ళాడాడు. రాజకుటుంబం వాళ్ళ పెళ్ళికి పాలకుల అనుమతి ఉండాలని 1772 నుంచీ చట్టం ఉంది. ఆయన అనుమతి తీసుకోలేదు. కాబట్టి చర్చిలో జరిగినా చట్టం దృష్టిలో ఆ పెళ్ళి చెల్లలేదు. ఆమెకు డచెస్ అన్న బిరుదు ఎప్పుడూ రాలేదు, మిసెస్ ఫిట్జ్‌జార్జ్ అనే పిలిచారు. పిల్లలకు డ్యూక్ పదవి దక్కలేదు. ఆయన మాత్రం 1856 నుంచి 1895 దాకా సైన్యాధిపతిగా ఉన్నాడు.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. డ్యూక్‌కు చట్టం అడ్డం. మన్బీకి ఏ చట్టమూ అడ్డం లేదు. ఆయనకు అడ్డమొచ్చింది తండ్రి, ఆఫీసు, స్నేహితులు. ఇంకా సూటిగా చెప్పాలంటే తన భయమే అడ్డం. నల్లమల గారు గుట్టు ఎవరికోసం అని అడిగింది సరైన ప్రశ్న. నా జవాబు కూడా ఆయనకోసమే అని. అయితే ఆ గుట్టులో తనకంటూ చోటు చూసుకున్నది మాత్రం హానా.

కృష్ణాతీరం

ఓరుగల్లు గారూ, చివరి వాక్యం దగ్గరే నా వాదన అంతా ఉంది. దాన్ని వివరంగా చెప్తాను.

ముందు డైరీ విషయం. ఆయనకు పంపింది కాబట్టి ఆయనకు నచ్చేదే రాసిందని నల్లమల గారి అనుమానం. మరి ఆయనకు నచ్చనివి ఎందుకు రాసింది? పెళ్ళి లైసెన్సు తెచ్చి చూపించినప్పుడు ఆమె పొంగిపోలేదు. లైసెన్సన్నా పెళ్ళన్నా తనకు పెద్ద లెక్క లేదని, పైగా ఒకరకమైన అయిష్టమని, తమ ప్రేమకూ వాటికీ సంబంధమే లేదని రాసుకుంది. జీవితాంతం రహస్యం మోసి ఎట్టకేలకు ధైర్యం చేసిన మనిషికి ఈ మాట ఎలా ఉంటుంది? చప్పగా ఉంటుంది. అయినా రాసింది.

ఇంకో చోట తన బతుకు గురించి రాసుకుంది. తన పని తను చేసుకుంటూ, వీలైన ఆదివారం ఆయన దగ్గరికి వెళ్ళొస్తూ ఉండడమే తనకు బాగుందట. ఇష్టమొచ్చినప్పుడు వెళ్ళొచ్చు, ఇష్టమొచ్చినప్పుడు రావొచ్చు, ఎంత మురికిగా కనబడినా పట్టించుకునే అవసరం లేదు. ఇది చదివి నేను చాలాసేపు ఆలోచించాను. ఆ కాలపు దొరసాని ఒంటరిగా వీధిలో నడవడానికి లేదు. బిగించి కట్టిన కోర్సెట్, పక్కన తోడు, నాలుగు మాటలు మాట్లాడాలంటే నలభై మర్యాదలు. పనిమనిషి సాయంత్రం బీరు తేవడానికి ఒక్కతే బయటికి వెళ్తుంది. హానాకు ఆ తేడా బాగా తెలుసు. దొరసాని అవ్వమంటే వద్దంది. అది భయంతో అన్న మాట అనిపించదు నాకు. అవతలి బతుకు ఎలా ఉంటుందో ఆమె చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉంది. వాళ్ళ మరుగుదొడ్లు కడిగిన మనిషి ఆమె.

1860 జులైలో ఒకరోజు పని మొత్తం రాసింది. కిటికీ తలుపులు తీసింది, వంటింటి పొయ్యి వెలిగించింది, మసి ఎత్తిపోసింది, గదులు ఊడ్చింది, టిఫిన్ పైకి పంపింది, బూట్లు రెండు జతలు తోమింది, పక్కలు సర్దింది, ఎంగిలి నీళ్ళు పారబోసింది, మోకాళ్ళ మీద కూర్చుని నేల తోమింది, కుక్కకు స్నానం చేయించింది. ఇలా పేజీ నిండా. అందులో ఏడుపు లేదు. పని తెలిసిన మనిషి పని గురించి చెప్పే తీరు ఉంది. మన్బీ కాక ఇంకెవరు చదివినా ఆ పేజీలో కనబడేది హానానే, మన్బీ కాదు.

ఇక జీతం. పెళ్ళయ్యాక కూడా తనకు జీతం ఇవ్వాలని ఆమె పట్టుబట్టింది. తన ఇంటిపేరూ మార్చుకోలేదు. దీని విలువ తెలియాలంటే చట్టం చూడాలి. పెళ్ళయిన స్త్రీ ఆస్తి భర్తదే అన్నది ఇంగ్లండ్‌లో పాత నియమం. 1870లో వచ్చిన చట్టం ఆమె సొంతంగా సంపాదించిన కూలి డబ్బుల వరకు మినహాయించింది. మిగతా ఆస్తి మీద పూర్తి హక్కు 1882 చట్టంతో గానీ రాలేదు. అంటే 1873లో పెళ్ళికూతురై కూడా నా జీతం నాకివ్వు అన్న మనిషికి భార్య అయితే ఏం పోతుందో చక్కగా తెలుసు. పనిమనిషికి కనీసం నెల నోటీసు ఇచ్చి వెళ్ళిపోయే హక్కుంది. భార్యకు అదీ లేదు. ఆమె భార్య అయ్యింది, పనిమనిషి హక్కు వదులుకోలేదు. 1877లో వెళ్ళిపోయింది కూడా.

టీచరమ్మ

కృష్ణాతీరం గారూ, జీతం సంగతి చక్కగా చెప్పారు. నేను ఇంకో ఇంటి కథ పెడతాను, పోల్చి చూసుకోవడానికి. ఇది మూడు తరాల కథ, మీకు ఇష్టమైన తరహా.

ఇంగ్లండ్ దక్షిణాన ససెక్స్‌లో అప్‌పార్క్ అనే పెద్ద భవంతి ఉంది. దాని యజమాని సర్ హ్యారీ ఫెదర్‌స్టన్‌హా 1754లో పుట్టాడు. కుర్రతనంలో చేయని షికారు లేదు. డెబ్బై దాటాక, 1825లో, తన పాలశాలలో పనిచేసే మేరీ ఆన్ బుల్లక్ అనే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. ఆమెకు అప్పటికి ఇరవై ఏళ్ళు దాటాయో లేదో. గుట్టేమీ లేదు, బహిరంగంగానే. చదువూ నాగరికతా నేర్చుకోమని ప్యారిస్ పంపించాడు. 1846లో పోతూ పోతూ ఎస్టేటంతా ఆమె పేర రాసి పోయాడు. పాలు పితికిన అమ్మాయి 1874లో చనిపోయే దాకా ఆ భవంతికి యజమానురాలు. ఆమె తర్వాత చెల్లెలు ఫ్రాన్సిస్‌కు వెళ్ళింది. ఫ్రాన్సిస్ ఆ ఇంటిపేరు పెట్టుకుని 1895 దాకా ఏలింది. ఆమె దగ్గరే, 1880 నుంచి 1893 దాకా, రచయిత హెచ్. జి. వెల్స్ తల్లి హౌస్‌కీపర్‌గా పనిచేసింది. అంటే పనివాళ్ళ ఇంట్లో పుట్టిన మనిషి పైన హాల్లో కూర్చుంటే, ఇంకో పనివాళ్ళ మనిషి కింద బేస్‌మెంట్‌లో తాళాల గుత్తి పట్టుకుని ఉంది. వెల్స్ చిన్నప్పుడు సెలవులకు అక్కడికి వచ్చి ఆ ఇంటి లైబ్రరీలో పుస్తకాలు చదువుకున్నాడు.

ఎందుకు చెప్తున్నానంటే, సర్ హ్యారీ చేయగలిగింది మన్బీ ఎందుకు చేయలేకపోయాడు? హ్యారీ తలమీద ఎవరూ లేరు. తండ్రి లేడు, ఆఫీసులో పైఅధికారి లేడు, భూమి తనది. ఇరుగుపొరుగు పెద్దమనుషులు ముక్కు తిప్పుకున్నా ఆయనకు నష్టం లేదు. మన్బీ మధ్యతరగతి మనిషి. తండ్రి ఇచ్చే డబ్బు మీద, ఉద్యోగం మీద, నలుగురి మాట మీద బతుకు. చాలామంది అనుకునేదేమిటంటే, అంతస్తు ఎంత పెద్దదైతే కట్టుబాటు అంత గట్టిదని. ఈ రెండు ఇళ్ళు చూస్తే భయం ఎక్కువ ఉన్నది మధ్యలో ఉన్నవాళ్ళకే. జారితే ఎంత కిందికి పడతామో వాళ్ళకే తెలుసు.

కానీ ఒకటి గమనించండి. మేరీ ఆన్ ఆ భవంతిలో దాదాపు ఏమీ మార్చలేదు. సర్ హ్యారీ ఉన్నప్పటి పద్ధతులు, గదులు, కుర్చీలు అన్నీ అలాగే ఉంచారు అక్కాచెల్లెళ్ళు. ఎస్టేటు దొరికింది సరే. తన బతుకు తనకు నచ్చినట్టు దిద్దుకోవడం దొరికిందా అని నాకు అనుమానం. ఆవిడ సొంత గొంతు మనకు వినబడదు. హానా గొంతు వినబడుతుంది. నేను బళ్ళో పిల్లలకు చరిత్ర చెప్తాను, ఆ తేడా నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది.

మునసబు మనవడు

అందరూ మన్బీని పిరికివాడు, యజమాని అంటున్నారు. ఆయన పక్షాన ఒకరైనా మాట్లాడాలి కదా.

ఆ రోజుల్లో డబ్బున్న మగవాళ్ళు పనిపిల్లల్ని ఏం చేసేవాళ్ళో అందరికీ తెలుసు. వాడుకుని, కడుపొస్తే వీధిలోకి తోసేసేవాళ్ళు. మన్బీ అలా చేయలేదు. 1854లో కలిసిన మనిషిని 1909 దాకా, అంటే యాభై ఐదేళ్ళు, వదల్లేదు. ఇంకో పెళ్ళి చేసుకోలేదు. తన వర్గం అమ్మాయిని చేసుకుంటే అన్నీ సుఖంగా ఉండేవి.

ఇంకొకటి, ఆయన ఆసక్తి హానా ఒక్కదాని మీదే కాదు, కష్టం చేసుకుని బతికే ఆడవాళ్ళందరి మీదా. విగాన్ బొగ్గు గనుల దగ్గర ప్యాంట్లు తొడుక్కుని బొగ్గు ఏరే ఆడవాళ్ళతో, యార్క్‌షైర్ తీరంలో నత్తలు ఏరుకునే అమ్మాయిలతో, లండన్ వీధుల్లో పాలు మోసేవాళ్ళతో కూర్చుని మాట్లాడి, వాళ్ళ జీతం ఎంత, పనివేళలు ఎన్ని అని రాసి పెట్టాడు, ఫోటోలు తీయించాడు. భూగర్భ గనుల్లో ఆడవాళ్ళు పనిచేయకూడదని 1842లోనే చట్టం వచ్చింది. 1880లలో గని పైన పనిచేసేవాళ్ళని కూడా మాన్పించాలని చూస్తే, ఆ ఆడవాళ్ళ పక్షాన నిలబడ్డవాళ్ళలో ఆయనా ఉన్నాడు. వాళ్ళ పని వాళ్ళకు ఉంచండి అన్నాడు. ఇవాళ ఆ పనుల గురించి మనకు తెలిసింది చాలావరకు ఆయన కాగితాల వల్లే.

నల్లమల

మనవడు గారూ, వాడుకుని వదిలేయకపోవడం మనిషికి ఉండాల్సిన కనీస లక్షణం. దానికి దండ వేయలేను.

గని ఆడవాళ్ళ విషయంలో మీరు చెప్పింది నిజం. అయితే ఆయన చూపు మీద నాకు ఇంకో అభ్యంతరం ఉంది. ఆయనకు కావలసింది మసి పూసుకున్న చేతులు, బొబ్బలెక్కిన అరచేతులు, బలమైన భుజాలు. ఆ చేతులు అలా ఎందుకయ్యాయి, అవ్వకుండా ఉండాలంటే ఏం చేయాలి అన్న ప్రశ్న ఆ కాగితాల్లో ఎంత ఉంది? పేదరికాన్ని అందంగా చూసే కన్నుంది. అది చూసి ఓర్చుకోలేని మనసు ఎక్కడ?

కృష్ణాతీరం గారూ, జీతం సంగతి మీరు చెప్పినట్టే ఒప్పుకుంటాను. అది బలమైన ఆధారం. భార్య కంటే పనిమనిషికే ఎక్కువ హక్కులున్న కాలంలో ఆమె పనిమనిషిగా ఉంటానంది, మంచిది. కానీ అదే నా వాదన కూడా కదా! ఉన్న రెండు దారులూ సరిగ్గా లేనప్పుడు వాటిలో కాస్త మేలైంది ఎంచుకుంటే దాన్ని స్వేచ్ఛ అని ఎలా అంటాం? 1877లో ఆరోగ్యం పాడై, మనసు చెదిరి లండన్ వదిలింది. ఆ నాలుగేళ్ళ వేషం ఆమెకు ఏం చేసిందో ఆ వెళ్ళిపోవడంలో ఉంది. గొలుసు మాత్రం నేను ఒప్పుకోను. ఆమె చేత్తో ఆమె వేసుకున్నా ఒప్పుకోను.

లండన్‌లో ఓరుగల్లు

గొలుసు గురించి ఒక సంగతి చెప్పాలి. మన్బీని కలవడానికి ముందే, 1853లో, హానా లండన్‌లో ఒక నాటకం చూసింది. అందులో ఒక రాజు, ఆయన్ని ప్రేమించే గ్రీకు బానిస యువతి. తన రాజ్యం కూలిపోతుంటే రాజుకు ధైర్యం చెప్పేది, చివరిదాకా పక్కన నిలిచేది ఆమే. ఆ పాత్ర తన మనసులో నాటుకుపోయిందని హానా తర్వాత రాసుకుంది. అంటే యజమానిని ప్రేమించే బానిస అన్న ఊహ మన్బీ వచ్చి ఆమె తలలో పెట్టింది కాదు. ఆమె దగ్గర అప్పటికే ఉంది. గ్యాలరీలో కూర్చుని నాటకం చూసిన ఇరవై ఏళ్ళ పనిపిల్లకు కూడా సొంత కల్పన ఉంటుందని మనం ఎందుకు నమ్మలేకపోతున్నాం?

టీచరమ్మ

అవును, పెద్దింటివాళ్ళ ఊహను కవిత్వం అంటాం, పనిపిల్ల ఊహను బలహీనత అంటాం. ఇది నాకు మొదటినుంచీ నచ్చలేదు.

నల్లమల

ఊహ ఆమెదే కావచ్చు ఓరుగల్లు గారూ. తాళంచెవి ఎవరి జేబులో ఉంది?

కృష్ణాతీరం

నల్లమల గారూ, తాళంచెవి ఆయన జేబులోనే ఉంది. మరి గుట్టు ఎవరి చేతిలో ఉంది? ఆమె ఒక్కసారి నోరు విప్పితే, యార్క్‌లో ఉన్న ఆయన తండ్రికి ఒక్క ఉత్తరం రాస్తే, ఆయన సంఘంలో తలెత్తుకోలేడు. పద్దెనిమిదేళ్ళు ఆమె పనిచేసిన ఇళ్ళలో, మార్గేట్ లాడ్జింగ్ ఇంట్లో, కిల్‌బర్న్‌లో, ఎందరో మనుషుల మధ్య ఆ మాట బయటికి రాలేదు. ఆయన ఆమెకు ఎంత భయపడాలో ఆమెకూ తెలుసు, ఆయనకూ తెలుసు. అధికారం అంతా ఒకవైపే ఉందనడం నాకు ఇందుకే సరిపోదు.

రెండు దారులూ సరిగ్గా లేవన్నారు, నిజమే. ఆ కాలంలో ఇంగ్లండ్‌లో ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు పది లక్షలకు పైగా ఉన్నారు. వాళ్ళందరికీ ఇవే దారులు. సరైన దారి వచ్చేదాకా వాళ్ళు ప్రేమించడం మానుకోవాలా? మనం సరైన పరిస్థితుల్లో పుట్టినవాళ్ళకే ప్రేమకథ అన్న మాట దాచి ఉంచితే, చరిత్రలో పేదవాళ్ళకు మిగిలేది బాధల జాబితా ఒక్కటే. హానా అలాంటి జాబితా రాయలేదు. పొద్దున లేచి పొయ్యి వెలిగించడం నుంచి ఆదివారం సాయంత్రం ఆయన గదికి నడిచి వెళ్ళడం దాకా రాసింది. ఆమె దృష్టిలో రెండూ ఒకే బతుకు.

ఇక మన్బీ మీద నాకు నిజంగా కోపం వచ్చేది గొలుసు దగ్గర కాదు, పెట్టెల దగ్గర. తన డైరీలు, ఆమె డైరీలు, ఫోటోలు అన్నీ కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీకి అప్పగించి, 1950 దాకా తెరవొద్దని షరతు పెట్టాడు. వీలునామాతో పెళ్ళి సంగతి లోకానికి తెలిసింది, ఆమె మాటలు మాత్రం ఇంకో నలభై ఏళ్ళు మూతపడి ఉన్నాయి. పత్రికలు ఆ నలభై ఏళ్ళూ ఆయన్ని "పనిమనిషిని పెళ్ళాడిన కవి"గానే గుర్తుంచుకున్నాయి. ఆమె డైరీలు పుస్తకంగా అచ్చయింది 1984లో. ఆయన ఇంకేం చేసి ఉండాల్సిందని నన్నడిగితే, బతికుండగా ఆమె మాటల్ని అచ్చు వేయించాల్సింది అంటాను. తన కవిత్వం అచ్చు వేయించుకున్నాడు కదా. దీని మీద మనవడు గారు ఏమంటారో చెప్పాలి.

మునసబు మనవడు

1870లలో అచ్చు వేస్తే ఆమెను బతకనిచ్చేవాళ్ళు కాదండి. ఆయనకు ఆ పెట్టెలు కాల్చేయడం తేలిక. చాలామంది పెద్దమనుషుల కుటుంబాలు అదే చేశాయి. ఆయన చేయలేదు. ఆలస్యమైనా మనదాకా వచ్చాయంటే ఆయన దాచబట్టే.

కృష్ణాతీరం

కాల్చలేదు, దానికి కృతజ్ఞత ఉంది. ఆమె పేరు మార్చి, ఊరు మార్చి వేయొచ్చు కదా? ఆ కాలంలో పేర్లు మార్చి ఎన్ని అచ్చు కాలేదు? 1909 దాకా ఆమె బతికే ఉంది. తను రాసింది పుస్తకంగా చేతిలో పట్టుకుని చూసుకునే అవకాశం ఆమెకు ఇవ్వలేదు. ఈ ఒక్క విషయంలో నేను నల్లమల గారి వైపు.

నల్లమల

ఈ ఒక్కదానితో సరిపెట్టను, మిగతావాటి మీదా పోరాడతాను. ముందు 1873లో వాళ్ళు ఫ్రాన్స్ వెళ్ళినప్పటి భాగం చదవండి అందరూ. పనిచేతులు కనబడకుండా గ్లవ్స్ తొడుక్కుని, దొరసాని వేషంలో ఆమె తిరిగిన రోజులు అవి. అది చదివాక పెళ్ళి గురించి ఆమె ఏమనుకుందో మళ్ళీ మాట్లాడుకుందాం.

టీచరమ్మ

నా దగ్గర 1984 ప్రతి ఉంది. ఆ ప్రయాణం భాగం మళ్ళీ చదివి, రెండు పక్షాలకూ పనికొచ్చేవి తెలుగులో రాసి ఇక్కడ పెడతాను. ఆదివారం దాకా టైమ్ ఇవ్వండి.